హాస్టల్ గది ఏ వయసులో ఖాళీ చేయాలి?

పరకాల_బస్సు
ఎమ్మెస్సీ కెమిస్ట్రీ 2022లో పూర్తయింది. ఇప్పుడు నాకు 27. ఇంకా హన్మకొండలో హాస్టల్లోనే ఉంటున్నాను, నాన్ బోర్డర్‌గా. తెలియనివారి కోసం: పేరు రిజిస్టర్లో ఉండదు, మనిషి మాత్రం గదిలో ఉంటాడు. జూనియర్ల గదిలో రెండు మంచాల మధ్య పరిచిన చాప నాది. పగలు రీడింగ్ రూమ్, రాత్రి చాప. గ్రూప్-1 ప్రిలిమ్స్ మూడుసార్లు రాశాను: 2022 అక్టోబరు, 2023 జూన్, 2024 జూన్. మొదటి రెండూ రద్దయ్యాయి. మూడోది రద్దు కాలేదు, నేనే పోయాను.

మొన్న మెస్ వరుసలో నిలబడితే మొదటి సంవత్సరం అబ్బాయి పక్కకు జరిగి "ముందు మీరు వడ్డించుకోండి సార్" అన్నాడు. ఇన్నాళ్లూ అందరూ అన్నా అనేవారు. ఆ "సార్" వినగానే కంచం అక్కడే పెట్టి బయటికి వచ్చేశాను.

అసలు విషయం ఇది. హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ విభాగంలో ఉద్యోగం వచ్చింది. ఏడాదికి 2 లక్షల 64 వేలు. పదిహేను రోజుల్లో చేరాలి. వెళ్లాలా, ఇంకో నోటిఫికేషన్ చూడాలా? ఇల్లు అద్దెకు తీసుకోవడం, వండుకోవడం, కరెంటు బిల్లు కట్టడం, ఇవేవీ ఇంతవరకు చేసి ఎరగను. 27 ఏళ్లవాడు ఈ మాట చెప్పడానికి సిగ్గుపడాలని తెలుసు. పడుతున్నాను కూడా.

కాజీపేట_జంక్షన్
వెళ్లు.

బకెట్_బాధితుడు
కంచం వదిలేసి వచ్చావు సరే, అది ఆదివారమా? ఆదివారమైతే బగారా అన్నం, కోడికూర వదిలేసినట్టు. దాన్ని బట్టి బాధ ఎంత లోతో తేలుతుంది.

పరకాల_బస్సు
ఆదివారమే.

బకెట్_బాధితుడు
అయితే దెబ్బ గట్టిదే. ఉద్యోగం సంగతి పెద్దలు చూసుకుంటారు గానీ, వెళ్లేటప్పుడు బకెట్ జాగ్రత్త. ఎమ్మెస్సీ రెండేళ్లలో నావి నాలుగు పోయాయి. నాలుగోదాని మీద ఆయిల్ పెయింటుతో పేరు రాయించాను. ఆరు నెలల తర్వాత పక్క బ్లాకులో నా పేరుతోనే ఎవరో స్నానం చేస్తున్నారు.

ఏటూరునాగారం_టీచర్
కాజీపేట అన్న ఒక్క మాటలో తేల్చేశారు. అంత తేలిక కాదు. నేనూ నాన్ బోర్డర్‌నే, నాలుగేళ్లు ఉన్నాను. 2024 డీఎస్సీలో 11,062 పోస్టులు వేశారు. జూలై 18న పరీక్షలు మొదలై ఆగస్టు 5న ముగిశాయి, అక్టోబరులో నియామక పత్రం అందుకున్నాను. 2021లో ఎవరైనా "వెళ్లు" అంటే విని వెళ్లిపోయి ఉంటే ఈ బడిలో పిల్లలకు ఎక్కాలు వేరే ఎవరో చెబుతుండేవారు. చాప మీద పడుకున్నంత మాత్రాన కాలం వృథా అయినట్టు కాదు తమ్ముడూ.

ఆరో_ఏడు
టీచర్ గారూ, ఆ గదిలో మీతో పాటు ఎంతమంది పడుకునేవారు? వాళ్లంతా ఇప్పుడు ఎక్కడున్నారు?

ఏటూరునాగారం_టీచర్
ఐదుగురం. ఒకరు ఊళ్లో ఎరువుల దుకాణం పెట్టారు. ఇద్దరు హైదరాబాద్‌లో ఉన్నారు. ఇంకొకతనితో మాటలు లేవు. నాకు ఉద్యోగం వచ్చినప్పటి నుంచి ఫోన్ ఎత్తడు.

ఆరో_ఏడు
ఐదు చాపల్లో ఒకటి ఉద్యోగమై లేచింది. ఇక్కడికొచ్చి సలహా రాసేది ఆ ఒక్కరే. మిగతా నలుగురు రాయరు కదా. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు.

నా సంగతి చెబుతాను. అమ్మాయిల హాస్టల్లో నాన్ బోర్డర్ అనే జాతి దాదాపు కనిపించదు. ఎమ్మెస్సీ చివరి పరీక్ష అయిన మర్నాడే నాన్న, మేనమామ జీపు వేసుకుని గేటు దగ్గరికి వచ్చేశారు. పరుపు చుట్టుకోవడానికి గంట సేపు ఇచ్చారు. ఆ గేటు లోపలికి మళ్లీ రావడానికి నేను నెట్ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్) తెచ్చుకోవలసి వచ్చింది. పీహెచ్‌డీ అంటే జ్ఞానం, పరిశోధన అని అందరూ అంటారు. నాకు మొదట అది ఒక మంచం, ఒక అల్మారా, దానికో తాళం.

చేరినప్పుడు ఫెలోషిప్ నెలకు 31 వేలు. సీనియర్ ఫెలో అయ్యాక 35, 2023 జనవరి నుంచి 42. వినడానికి బాగుంటుంది. ప్రతి నెలా పడితే ఇంకా బాగుండేది. నాలుగైదు నెలలది ఒకేసారి పడేది, మధ్యలో బతుకంతా చేబదుళ్లే. పైగా ఐదేళ్లకు ఫెలోషిప్ ఆగిపోతుంది, థీసిస్ మాత్రం ఆగదు. నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ గడువు ఆరేళ్లు, ఆడవాళ్లకు మరో రెండేళ్ల సడలింపు ఉంది. ఆ రెండేళ్లు తిండి ఎవరు పెడతారో మాత్రం రాయలేదు.

ఇల్లు అద్దెకు అడిగితే ఓనరు "ఏం చేస్తావమ్మా" అన్నారు. చదువుకుంటున్నానన్నాను. "ఈ వయసులోనా?" అని, ఆ వెంటనే "పాపా, మీ నాన్నగారి నంబరు ఇవ్వు" అన్నారు. నాకు 31 ఏళ్లు. ఒకే నిమిషంలో ముసలిదాన్నీ పాపనూ అయ్యాను. నిన్ను సార్ అన్నందుకు నువ్వు అన్నం వదిలేశావు తమ్ముడూ! నన్ను ఎవరైనా మేడమ్ అంటే రెండు ముద్దలు ఎక్కువ తింటాను.

పరకాల_బస్సు
మీ ముందు నా బాధ ఎంత అక్కా.

ఆరో_ఏడు
పోల్చుకోమని చెప్పలేదు. నీది వేరు, నాది వేరు.

కాజీపేట_జంక్షన్
నా ఒక్క మాట మీద ఇంత చర్చ జరిగింది కాబట్టి కొంచెం వివరిస్తాను. 2024లో ప్రభుత్వ ఉద్యోగాలకు గరిష్ఠ వయోపరిమితి 44 నుంచి 46కు పెంచినప్పుడు మా హాస్టల్ స్నేహితుల గ్రూపులో పండగ చేసుకున్నారు. నాకు గుండె జారింది. 46 వరకు "ఇంకా టైం ఉంది" అనుకోవచ్చు అన్నమాట. తలుపు మూస్తే మనిషి ఏడ్చి ఇంకో దారి చూసుకుంటాడు. తెరిచి ఉంచితే గడప మీదే కూర్చుంటాడు. నేను ఆరేళ్లు కూర్చున్నాను. తర్వాత కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు, రోజూ రైల్లో వెళ్లి వచ్చే ఉద్యోగంలో చేరాను. చదువు ఆపలేదు, రైల్లోనే చదివాను. గ్రూప్స్ రాలేదు, రైలు టైం టేబుల్ మాత్రం కంఠతా వచ్చింది.

జీతం_చీటీ
జీతాల విభాగంలో పనిచేస్తాను, కాబట్టి ఎవరూ రాయని సంగతి రాస్తాను. 2 లక్షల 64 వేలను 12తో భాగించి నెలకు 22 వేలు అనుకుంటున్నావు కదా? కొత్తగా చేరే ప్రతివారూ చేసే పొరపాటే. కంపెనీ తన వాటాగా కట్టే పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్ఐ (ఆరోగ్య బీమా) కూడా చాలాచోట్ల అందులోనే కలిపేస్తారు. మూల వేతనం 11 వేలు అనుకుందాం. దాని మీద 12 శాతం అంటే 1,320 కంపెనీ పీఎఫ్ వాటా, ఈఎస్ఐ వాటా ఇంకో 650. అవి పోతే స్థూల జీతం 20 వేల దగ్గర తేలుతుంది. అందులోంచి మళ్లీ నీ పీఎఫ్ 1,320, నీ ఈఎస్ఐ 150, వృత్తి పన్ను 150 (జీతం 20 వేలు దాటితే 200). చేతికి వచ్చేది 18,400కు అటూ ఇటూ. విడివిడి లెక్క రాసిమ్మని అడుగు, అడిగితే ఉద్యోగం పోదు. పీఎఫ్‌కు ఒక యూఏఎన్ నంబరు ఇస్తారు, ఎన్ని కంపెనీలు మారినా అదే నంబరు. మారినప్పుడల్లా డబ్బు తీసేసుకోకు, కొత్త ఖాతాకు బదిలీ చేసుకో.

బకెట్_బాధితుడు
22 వేలు చూస్తుండగానే 18 అయ్యాయి. నా బకెట్లు కూడా ఇలాగే పోయేవి.

డల్లాస్_కరీంనగరి
వండుకోవడం రాదని భయపడుతున్నావు కదా, విను. ఇక్కడికి ఎమ్మెస్‌కు వచ్చిన మొదటి వారం పప్పుకు పోపు పెట్టాను. పొగకు గంట మోగింది. భవనంలో ఉన్న జనమంతా దిగి చలిలో నిలబడ్డారు, ఫైరింజన్ వచ్చింది. ఎండుమిరపకాయల ఘాటుకు ఆ ఉద్యోగి తుమ్ముతూనే రిపోర్టు రాసుకున్నాడు. ఇప్పుడు నేను ఇరవై మందికి వండగలను.

అసలు కష్టం వంట కాదు. ఇంటి కాగితాలు పెట్టి విద్యారుణం తీసుకున్నాం. చదివే కాలం, ఆపైన ఏడాది వరకు వాయిదాలు అడగరు, వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే లెక్కలో పడుతుంది. చదువుకునేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. చదువయ్యాక ఓపీటీ (విద్యార్థి వీసా మీదే ఉద్యోగం చేసే అనుమతి) కింద 12 నెలలు ఉద్యోగం చేసుకోవచ్చు, అందులో ఖాళీగా ఉన్న రోజులు మొత్తం 90 దాటకూడదు. ఫ్రిజ్ మీద క్యాలెండర్ అంటించి రోజుకొక గీత కొట్టేవాడిని. అమ్మ వీడియో కాల్‌లో చూసి "ఆ గీతలేమిటి" అంటే పాల లెక్క అని చెప్పాను. 71వ గీత దగ్గర ఉద్యోగం వచ్చింది. నీకు అక్కడ గీతలు కొట్టేవాళ్లు లేరు, అదే నీ ఇబ్బందేమో.

గోదావరిఖని_గని
అందరూ వెళ్లాలా ఉండాలా అని అడుగుతున్నారు. నన్ను ఎవరూ అడగలేదు. బీటెక్ మూడో సంవత్సరంలో ఉండగా నాన్న సింగరేణిలో మెడికల్ అన్‌ఫిట్ అయ్యారు. వారసుడిగా ఉద్యోగం నాకు. 22 ఏళ్లకు బదిలీ వర్కర్‌గా, అంటే రానివారి స్థానంలో పనిచేసేవాడిగా, మస్టర్లో (హాజరు పట్టీలో) పేరు పడింది. మూడో షిఫ్టు దిగి ఇంటికి వచ్చేసరికి నా క్లాసువాళ్లు అప్పుడే నిద్ర లేచి కాలేజీకి బయలుదేరుతున్న ఫోటోలు పెట్టేవారు. రెండేళ్లు ఆ ఫోటోలు చూడలేదు. జీతం మీ అందరికంటే మంచిదే, అబద్ధం చెప్పను. కానీ చాప మీద పడుకుని నలుగురితో రాజకీయాలు వాదించే ఒక్క రాత్రి కూడా నాకు దొరకలేదు. దాన్ని తక్కువ చేసి మాట్లాడకండి.

పాత_మాస్టారు
గని అబ్బాయి మస్టర్ అన్న మాట చదివి రాస్తున్నాను. మా నాన్నగారు ఆజంజాహి మిల్లు కార్మికుడు. 1934లో పెట్టిన మిల్లు అది. పద్దెనిమిదో ఏట ఆయన పేరు మస్టర్లో ఎక్కింది. ముందు రోజు సాయంత్రం వరకు గోళీలు ఆడారట, మర్నాటి నుంచి ఇంట్లో ఆయనకు వేరే కంచం, వేరే పీట. పెద్దవాడు కావడానికి ఆయనకు ఒక్క రాత్రి పట్టింది.

నేను 1978లో ఎం.ఏ.లో చేరాను. కాకతీయ విశ్వవిద్యాలయానికి అప్పటికి రెండేళ్ల వయసు. చదువయ్యాక ఎనిమిది నెలలు హాస్టల్లోనే దాక్కున్నాను. నాన్ బోర్డర్ అనే పేరు మాకు తెలియదు గానీ పని అదే. మా వార్డెన్ గారికి సంగతి తెలుసు. రాత్రి తనిఖీకి వచ్చే ముందు వరండా చివర నిలబడి గట్టిగా దగ్గేవారు. ఆ దగ్గు వినగానే నేను దుప్పటితో సహా మేడ మీదికి. ఒక రోజు ఆయన దగ్గకుండా వచ్చేశారు. గదిలో కూర్చుని, "ఇవాళ జలుబు తగ్గింది" అన్నారు. అంతే. ఆ వారమే పరకాల దగ్గర ఒక ప్రైవేటు బడిలో చేరాను.

బకెట్_బాధితుడు
మాస్టారూ, "మా రోజుల్లో" అనకుండా రెండు పేరాలు రాశారు. ఈ వేదికలో ఇది రికార్డు.

పాత_మాస్టారు
ఆపుకున్నాను నాయనా. కష్టమైంది.

పరకాల_బస్సు
ఇంతమంది ఇంత ఓపిగ్గా రాశాక అసలు కారణం దాచడం బాగోలేదు. వంట, అద్దె అన్నీ పైపై మాటలు.

2023 సెప్టెంబరులో ప్రిలిమ్స్ రెండోసారి రద్దయిన వారం బాపు ఫోన్ చేశారు. "మరి ఇప్పుడేం చేస్తావు" అన్నారు. నోట్లోంచి "పీహెచ్‌డీలో సీటు వచ్చింది" అని వచ్చేసింది. ముందుగా అనుకున్నది కాదు. బాపు ఆ మాట ఎనుమాముల మార్కెట్లో అడ్తిదారుకు చెప్పారు. ఏటా విత్తనాలకు, మందులకు అప్పు తెచ్చేది అక్కడే, పత్తి అమ్మేదీ అక్కడే. "కొడుకు పీహెచ్‌డీ" అన్నాక ఆయన బాపుకు కుర్చీ వేస్తున్నాడట. ఊరంతా అదే మాట. ఇప్పుడు 18 వేల ఉద్యోగంలో చేరితే పీహెచ్‌డీ ఏమైందని అడుగుతారు. హాస్టల్లో ఉన్నంతకాలం అబద్ధం సగం నిజంలా ఉంటుంది.

ఇంకొకటి. చేరడానికి ఒరిజినల్స్, టీసీ అడిగారు. టీసీకి నో డ్యూస్ (బకాయిలు లేవనే కాగితం) మీద సంతకాలు కావాలి. 2022 నాటి మెస్ బకాయి 11,600 నా పేరు మీద ఉంది. ఆ డబ్బు అడగాలంటే ఎందుకో చెప్పాలి. పది రోజులుగా నిద్ర లేదు.

ఆరో_ఏడు
నేను ఆరేళ్లుగా చేస్తున్నది నువ్వు ఫోన్లో ఒక్క వాక్యంలో చేసేశావు. చదవగానే కోపం వచ్చింది. గంట ఆగి రాస్తున్నాను. ఫోన్లో పుట్టిన మాటను ఫోన్లో సరిదిద్దకు. బస్సెక్కి ఇంటికి వెళ్లి చెప్పు.

డల్లాస్_కరీంనగరి
నేను అలా అనను. "మధ్యలో మానేశాను, మంచి ఉద్యోగం వచ్చింది" అంటే సరిపోతుంది. ఆయన మనసు ఎందుకు కష్టపెట్టాలి? నా పాల లెక్క సంగతి అమ్మకు ఈ రోజుకీ తెలియదు, ఆమె హాయిగానే ఉంది.

పాత_మాస్టారు
నీది ఫ్రిజ్ మీది గీత నాయనా, ఇతనిది మార్కెట్లో వేసిన కుర్చీ. ఒకదాన్ని కప్పడానికి ఇంకోటి చెబితే రెండింటికీ వడ్డీ కట్టాలి.

గోదావరిఖని_గని
పది రోజులుగా నిద్ర లేదన్నావు, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. 14416కు ఫోన్ చెయ్యి, టెలిమానస్, మనసు బాగోలేనివారి కోసం ప్రభుత్వం పెట్టిన నంబరు. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. గనిలో ప్రమాదం చూసిన తర్వాత నేనూ చేశాను. బరువు దిగిపోలేదు గానీ ఆ రాత్రి పడుకున్నాను.

జీతం_చీటీ
ఎమ్మెస్సీ మెమో, ప్రొవిజనల్ నీ దగ్గరుంటే అవి చూపించి టీసీకి కొంత గడువు రాతపూర్వకంగా అడుగు, చాలామంది ఇస్తారు. ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకో, వదిలి మాత్రం రాకు.

ఏటూరునాగారం_టీచర్
తమ్ముడూ, ఉండమన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. చదవడానికి ఉండటం వేరు, దాక్కోవడానికి ఉండటం వేరు. 11,600 సంగతి విడిగా మెసేజ్ పెట్టు.

కాజీపేట_జంక్షన్
పరకాలకు బస్సుందని నీ పేరులోనే ఉంది. బయలుదేరు.

బకెట్_బాధితుడు
మూడు వారాలైంది. పరకాల బస్సు ఎక్కడ ఆగిపోయింది?

పరకాల_బస్సు
ఉప్పల్ నుంచి రాస్తున్నాను. చేరాను. ముగ్గురం ఒక గదిలో ఉంటున్నాం. నా వాటా అద్దె 4 వేలు. మొదటి రోజు అన్నం మాడింది, రెండో రోజు పలుకుగా ఉంది, నాలుగో రోజుకు అన్నమైంది.

ఇంటికి వెళ్లాను. బాపు చేనులో పత్తి ఏరిస్తున్నారు. సాలు పక్కన నిలబడి మొత్తం చెప్పేశాను. ఏమీ అనలేదు. సాయంత్రం దాకా మాటలు లేవు. అన్నం తిన్నాక "బకాయి ఎంత" అన్నారు. చెప్పాను. లోపలి నుంచి డబ్బు, దానితో పాటు అప్పులు రాసుకునే పుస్తకం తెచ్చారు. అడ్తి లెక్క, ట్రాక్టరు కిరాయి, కూలీల లెక్క అన్నీ ఉండే పుస్తకం. కొత్త పేజీ తీసి పైన నా పేరు, కింద 11,600 రాసి నాతో సంతకం పెట్టించుకున్నారు. "నెలకు ఎంత ఇస్తావో నువ్వే రాయి" అన్నారు. రెండు వేలు అని రాశాను.

టీచర్ అన్నా, మీ సాయం అవసరం పడలేదు, మర్చిపోను. గని అన్నా, ఆ నంబరుకు చేశాను.

ఆరో_ఏడు
మరి అడ్తిదారుకు ఎవరు చెప్పారు?

పరకాల_బస్సు
అదే చెప్పబోతున్నాను అక్కా, తిట్టకండి. "అక్కడ మాట అన్నది నేను, నేనే సర్దుకుంటాను" అని బాపు మర్నాడు మార్కెట్‌కు వెళ్లారు. వెళ్లి "మా వాడి పీహెచ్‌డీ అయిపోయింది, మందుల కంపెనీలో చేరుతున్నాడు" అని చెప్పి వచ్చారు. ఇప్పుడు ఊళ్లో నన్ను డాక్టర్ సాబ్ అంటున్నారు. మందుల కంపెనీ అన్నారు కాబట్టి ఎవరికీ అనుమానం కూడా లేదు. బయలుదేరే రోజు పక్కింటాయన బర్రెకు జ్వరమని పిలిచాడు.

ఆరో_ఏడు
ఆరేళ్లు. రెండు కమిటీలు. నాలుగుసార్లు తిరగరాసిన అధ్యాయం. మీ బాపు ఒక్క పూటలో పట్టా ఇచ్చేశారు. నా వైవాకు ఆయన్ను పరీక్షకుడిగా పిలుస్తాను, రాకపోకల ఖర్చు నాది. బర్రె ఎలా ఉంది?

పరకాల_బస్సు
పశువుల డాక్టరును పిలిపించాను. లేచింది. ఆ పేరు కూడా నాకే వచ్చింది.

పాత_మాస్టారు
రెండింటికీ వడ్డీ అన్నాను. నేను బాపును లెక్కలో వేసుకోలేదు.

బకెట్_బాధితుడు
అన్నీ బాగున్నాయి. బకెట్ ఏం చేశావు?

పరకాల_బస్సు
నన్ను సార్ అన్న ఆ అబ్బాయికే ఇచ్చి వచ్చాను. "ఇకనుంచి అన్నా అను" అని కూడా చెప్పాను.

బకెట్_బాధితుడు
అన్నాడా?

పరకాల_బస్సు
"సరే సార్" అన్నాడు.